నోట్లో అద్దం

డాక్టర్ బోర్లా పడి ఉన్నాడు.

కాలేజీ మెడికల్ రూమ్. ఉదయం పదిన్నర. తల వెనక భాగం చితికిపోయింది. పక్కనే ఐదు కిలోల ఇనుప రాయి, నెత్తురు మరకతో. వెయింగ్ మిషన్ సరిగ్గా తూస్తోందో లేదో చూసుకోవడానికి డాక్టరే తెచ్చి పెట్టుకున్న రాయి అది. అంత జాగ్రత్త గల మనిషి.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుంది. శవాన్ని నిలబడి చూడటం ఆవిడకి నచ్చదు.

డాక్టర్ కుడి చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. ఫొటోలు తీశాక కానిస్టేబుల్ మెల్లగా బయటికి లాగాడు. గుప్పిట్లో సన్నటి స్టీలు కాడ. దాని చివర గోరంత గుండ్రటి అద్దం.

"ఇదేంటి మేడమ్?"

"పళ్ల డాక్టర్ దగ్గర చూళ్లేదా? నోట్లో పెట్టి చూస్తారు."

"ఈయన పళ్ల డాక్టర్ కాదుగా."

"కాదు. జాగ్రత్తగా కవర్లో వెయ్యి."

నిజానికి బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన కేసేం కాదు. హంతకుడు పక్క గదిలోనే ఉన్నాడు. నేరం ఒప్పేసుకున్నాడు కూడా. వాడికి పదేళ్లు.

పేపర్లవాళ్లు వాడికి 'బుడత ప్రొఫెసర్' అని పేరు పెట్టి ఆకాశానికెత్తేశారు. వాడు బడి మొహం చూడలేదు. చదువంతా ఇంట్లోనే. తండ్రి ఉద్యోగం మానేసి మరీ చెప్పాడు. ఆ తర్వాత పిల్లల్ని మేధావులుగా పెంచడం ఎలాగో ఊరూరా ఉపన్యాసాలివ్వడమే ఆయన ఉద్యోగమైంది. ఈ రోజు పదకొండింటికి, పెద్ద హాల్లో, కెమెరాల ముందు, కొడుక్కి కాలేజీ అడ్మిషన్ ఇవ్వాలి. స్టేజీ మీద పూలకుండీలు కూడా సర్దేశారు.

ఇన్‌స్పెక్టర్ ముందు రిజిస్ట్రార్‌ని పిలిచింది. బట్టతల మనిషి. చెమటలు కక్కుతున్నాడు.

"లోపల ఎవరెవరున్నారు?"

"డాక్టరు, పిల్లాడు, వాళ్ల నాన్న. అంతే మేడమ్. నేను వాళ్లమ్మతో వరండాలో ఉన్నాను. ఏదో పడ్డ చప్పుడైంది. తలుపు తీశాను."

"అడ్మిషన్‌కి డాక్టర్‌తో పనేంటి?"

"మా రూల్ మేడమ్. పదహారు నిండకపోతే, కాగితాల్లో ఉన్న వయసు నిజమేనని డాక్టర్ చూసి సంతకం పెట్టాలి. మామూలుగా రెండు నిమిషాల పని. ఇవాళ పావుగంట పట్టింది."

"ఎందుకు?"

"ఏమో మేడమ్. ఆయన చాదస్తం ఆయనది."

తర్వాత తండ్రి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. మాటలు తడుముకోకుండా వరసగా వచ్చాయి.

"నీకంత తెలివెక్కడిదిరా అని డాక్టర్ వెక్కిరించాడు మేడమ్. వీడికి పౌరుషం ఎక్కువ. రాయెత్తి కొట్టేశాడు. నేను కిటికీ దగ్గరున్నాను. పట్టుకునేలోపే అయిపోయింది."

"ఐదు కిలోల రాయి."

"రెండు చేతులతో ఎత్తాడు." ఆగాడు. "పసివాడు మేడమ్. ఏం చేస్తున్నాడో తెలీదు. పన్నెండు నిండని అలాంటి పిల్లల మీద కేసుండదు కదా?"

కొడుకు మనిషిని చంపి గంట కాలేదు. తండ్రి నాలుక చివర చట్టం సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. పైకి మాత్రం తలూపింది.

"ఉండదు," అంది.

తండ్రి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పిల్లాడు బల్ల వెనక కూర్చున్నాడు. నిక్కరు. పక్కకి పాపిడి తీసిన జుట్టు. పుల్లల్లాంటి చేతులు. కింది పెదవి ఉబ్బింది. తెల్ల చొక్కా మీద రెండు నెత్తుటి చుక్కలు.

కానిస్టేబుల్ బిస్కెట్ ప్యాకెట్ ముందు పెట్టాడు. పిల్లాడి కళ్లు దాని మీదే అతుక్కుపోయాయి. చెయ్యి మాత్రం కదల్లేదు.

"తిను నాన్నా," అంది ఇన్‌స్పెక్టర్.

"ఎన్ని తినొచ్చు?"

"నీ ఇష్టం."

తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి వైపు చూశాడు. తండ్రి కళ్లతోనే వద్దన్నాడు. పిల్లాడు ప్యాకెట్‌ని వెనక్కి తోశాడు.

"డాక్టర్‌ని ఎవరు కొట్టారు?"

"నేనే. నాకు పదేళ్లు. నాకేమీ కాదు."

సన్నటి గొంతుతో, పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు.

"పెదవికేమైంది?"

"భయంతో కొరుక్కున్నాడు మేడమ్," అన్నాడు తండ్రి.

"మిమ్మల్ని అడగలేదు. బయట నిలబడండి."

తలుపు వేసింది. టార్చ్ తీసింది.

"ఏదీ, నోరు తెరువు."

తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. కింది పెదవి లోపలంతా కమిలింది. అది కొరుక్కున్నా కమలొచ్చు. కానీ పైన అంగిలి మీద కూడా పొడుగ్గా చీరుకుపోయింది. అంగిలిని ఎవరూ కొరుక్కోలేరు.

అక్కడితో ఆగలేదావిడ. టార్చ్ ఇంకాస్త లోపలికి తిప్పింది. ఆవిడ ఇంట్లో పదేళ్ల కొడుకున్నాడు. వాడు నవ్వితే నోరంతా సందులే. ఒక పన్ను ఊగుతుంటే ఇంకొకటి మొలుస్తుంటుంది. ఈ నోట్లో ఒక్క సందు లేదు. ఊగే పన్ను లేదు. పైనా కిందా, ఇరువైపులా చిట్టచివర, పెద్ద దంతాలు పూర్తిగా మొలిచి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ కళ్ల ముందు డాక్టర్ గుప్పిట మెదిలింది. టార్చ్ ఆర్పేసింది.

"ఆ బిస్కెట్లు తిను. ఎవరూ చూడట్లేదు."

పిల్లాడు ఒక్కటే తిన్నాడు. నమలకుండా మింగేశాడు.

పన్నెండింటికి అందర్నీ హాల్లోకి పిలిచింది. కెమెరాల వాళ్లని పంపించేశారు. ముందు వరసలో తండ్రి, తల్లి, పిల్లాడు, రిజిస్ట్రార్. తల్లి హ్యాండ్‌బ్యాగ్‌ని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, ఒక్క ప్రశ్న," అంది ఇన్‌స్పెక్టర్. "మీవాడికి చివరి పాలపన్ను ఎప్పుడూడింది?"

తల్లి భర్త వైపు చూసింది. "గుర్తులేదండీ."

"మావాడి పళ్లు ఇంకా ఊడుతూనే ఉన్నాయి. మీవాడికి ఒక్కటీ మిగల్లేదు. పైగా జ్ఞానదంతాలకి ముందొచ్చే చివరి దంతాలు నాలుగూ వచ్చేశాయి. అవి పన్నెండేళ్లకి అటూ ఇటూగా గానీ రావు. ఇప్పుడే మా పళ్ల డాక్టర్‌ని ఫోన్లో అడిగాను. ఒకటీ అరా ముందొస్తాయట. నోరంతా ముందు రాదట."

"మేధావి పిల్లలు అన్నిట్లోనూ ముందే ఉంటారు," అన్నాడు తండ్రి.

"దంతాల్లో కూడానా?"

ఎవరూ నవ్వలేదు.

"మీరు గొంతు సన్నగా పలకడం నేర్పారు. నిక్కర్లు వేశారు. కడుపు మాడ్చి ఎదగకుండా చూశారు. నోటి సంగతి మర్చిపోయారు. డాక్టర్ మర్చిపోలేదు. అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూశాడు. పావుగంట పట్టింది అందుకే. తర్వాత మీతో ఏదో అని ఉంటాడు. ఏమన్నాడు?"

తండ్రి చొక్కా మడత సర్దుకున్నాడు.

"అదంతా వేరే సంగతి మేడమ్," అన్నాడు. "కొట్టింది మాత్రం వాడే. వాడే చెప్పాడుగా."

"అద్దం డాక్టర్ గుప్పిట్లో ఉంది. దెబ్బ పడగానే డాక్టర్ ముందుకి తూలాడు. ఆ అద్దం వీడి అంగిలిని చీరేసింది. అంటే రాయి పడ్డప్పుడు అద్దం వీడి నోట్లోనే ఉంది. నోట్లోకి చూసేవాడికి ఆ నోరు ఎదురుగా ఉంటుంది. దెబ్బ తల వెనక తగిలింది. వెనక ఎవరున్నారు?"

రిజిస్ట్రార్ తల తిప్పి తండ్రి వైపు చూశాడు.

"గదిలో ఉన్నది ముగ్గురు. ఒకడు చచ్చిపోయాడు. ఒకడు నోరు తెరుచుకుని ముందు కూర్చున్నాడు."

తండ్రి లేచాడు. కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"పదకొండింటికి ఫంక్షన్," అన్నాడు తండ్రి. "ఒక్క సంతకం. బతిమాలాను. రాయనన్నాడు. పదేళ్ల కష్టం నాది."

"చంపారు, సరే. పిల్లాణ్ని ఎందుకు ఇరికించారు? వాడికి పన్నెండు దాటాయని మీకు తెలుసు. మీ అబద్ధం నిలబడితే వాడూ మీరూ బయట. నిలబడకపోతే వాడు లోపల, మీరు బయట. ఎటు తిప్పినా మీరు బయటే."

తండ్రి కొడుకు వైపు చూడలేదు.

బేడీలు వేసి తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగాడు. కొడుక్కి ధైర్యం చెబుతాడేమో అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"అబద్ధాలాడకురా. నువ్వే కొట్టావని చెప్పు," అన్నాడు.

కానిస్టేబుల్ మెడ మీద చెయ్యి వేసి బయటికి తోశాడు.

పిల్లాడు తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నాకెన్నేళ్లు?"

తల్లి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వైపే చూసింది. "పైనెలకి పధ్నాలుగు నిండుతాయి."

"మరి రెండేళ్లకే చదివానన్నారు?"

"ఐదు నిండాక."

వాడు లెక్కలు వేసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. వేసుకున్నకొద్దీ మొహంలో కళ తగ్గిపోయింది. ఆ ఇంట్లో వాడికున్నది ఆ ఒక్క తెలివే. ఆడుకునే తోడు లేదు. కడుపు నిండా తిండి లేదు. ఇప్పుడది కూడా పోతోంది.

"ఆంటీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. "నేను చేసే లెక్కలు పదమూడేళ్ల వాళ్లు చేస్తారా?"

పాతికేళ్ల సర్వీసులో ఆవిడ ఎన్నో అబద్ధాలు వింది. చెప్పడం మాత్రం సరిగ్గా రాలేదు.

"బాగా చదివేవాళ్లు చేస్తారు నాన్నా."

"చాలామందా?"

"ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు."

వాడు తలూపాడు. అర్థమైంది. అంత తొందరగా అర్థం కాకుండా ఉంటే బాగుండేదని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది.

పోలీసు డాక్టర్ బ్యాగ్‌తో వచ్చాడు. కోర్టుకి వయసు రాసివ్వాలి. గాయం ఫొటో తియ్యాలి. కవర్లోంచి కొత్త అద్దం తీసి వాడి ముందు కూర్చున్నాడు.

"ఏదీ బాబూ, ఆ అను."

పిల్లాడు అద్దం వైపు చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు.

"రాసుకోండి ఆంటీ. నేనే కొట్టాను," అన్నాడు. "నాకు పదేళ్లే."

ఆ తర్వాత పళ్లు బిగించి నోరు మూసేశాడు. తల్లి బతిమాలినా, కానిస్టేబుల్ బిస్కెట్లు చూపించినా, సాయంత్రం దాకా తెరవలేదు.