సంచుల్లో ఏం తీసుకుపోతారు?

ఆమని ఉలవల బస్తాల వెనక వంగి కూర్చుంది. స్కూల్ బ్యాగు ఇంకా భుజానే ఉంది.

షెడ్డులో బాపుతో ఎవరో కొత్త మనిషి మాట్లాడుతున్నాడు. ముందు గుర్రాలన్నిటినీ చూశాడు. "మొత్తం ఎన్ని ఉన్నయ్ సేట్?" అని అడిగాడు. షెడ్డు వెనక్కి వెళ్లి, చెయ్యి వాసన చూసుకుంటూ తిరిగొచ్చాడు.

ఆదిలాబాద్ ఊరి బయట ఉన్న ఆ షెడ్డు ఒకప్పుడు పత్తి గోదాము. పత్తి వ్యాపారం గిట్టక, బాపు కరుణాకర్ అందులో ముసలి గుర్రాలను సాకుతున్నాడు. పెళ్లి బరాత్‌లలో ఏళ్ల తరబడి పెళ్లికొడుకులను మోసిన గుర్రాలవి. వాటికి వయసు మీద పడగానే యజమానులు ఇక్కడ వదిలి, నెలనెలా ఖర్చు పంపుతారు.

"ముసలి గుర్రాన్ని ఎవరన్న మేపుతరానే? మీ బాపు ఏదో చేస్తుండు" అని నిన్న క్లాసులో రమ అంది. ఆమని దానితో కొట్లాడింది. అయినా ఆ మాట చెవి దగ్గర ఈగలా తిరుగుతూనే ఉంది.

కొత్త మనిషి సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడుతున్నాడు. గాలికి కొట్టుకునే పైకప్పు రేకుల చప్పుడులో ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"ఘోడ్యా... ఖత..."

ఖతం! అంటే గుర్రాన్ని చంపేస్తారా?

"పాతదైతే ఇంకా మంచిది సేట్. ఎల్లుండి ట్రాక్టర్ తెస్త. సంచులల్ల నింపుకొని పోత."

"పొద్దుగాల్నే రా. చప్పుడు చెయ్యకు" అన్నాడు బాపు. "నలుగురు చూస్తే లేనిపోని పంచాయితీ."

ఇక్కడి గుర్రాలన్నిట్లో పాతది బిజిలి. పేరుకే మెరుపు. నీళ్ల తొట్టి దాకా నడవాలన్నా మధ్యలో ఆగి ఆలోచిస్తుంది.

'ఎవరు బాపూ ఆయన?' అని అడగాలనుకుంది ఆమని. బాపు నవ్వుతూ వస్తున్నాడు. ఆ నవ్వు మీద కూడా అనుమానమొచ్చింది. అడిగితే నిజం చెబుతాడా? అడగలేదు.

బాపు స్నానానికి వెళ్లగానే ఆయన ఫోన్ తీసింది. బిజిలి యజమాని ఓంప్రకాశ్ ఆసిఫాబాద్‌లో బ్యాండు మేళం నడుపుతాడు.

"అంకుల్, బిజిలిని ఎల్లుండి పొద్దుగాల ఖతం చేస్తరట. సంచులల్ల నింపుకొని పోతరట!"

మర్నాడు ఓంప్రకాశ్‌కు పెళ్లి బేరం ఉంది. ఆ తర్వాతి రోజు మాత్రం తెల్లవారేసరికి ఆయన వ్యాను గేటు ముందు ఆగింది.

"నా గుర్రాన్ని నాకియ్యి కరుణాకర్! నమ్మి వదిలిపెడితే గిదా నువ్వు చేసే పని?"

"ఏమైందన్నా? జర నిమ్మలంగ చెప్పు."

"నిమ్మలమా? మెట్‌పల్లి అంజన్నకు కూడ చెప్పిన. ఆయన గుర్రం కూడ ఇంక నీ దగ్గర ఉండదు."

బిజిలిని వ్యాను ఎక్కించబోయారు. చెక్క మీద దాని ముందుకాళ్లు జారాయి. ఒళ్లంతా వణికింది.

"అన్నా, గంత దూరం అది నిలబడలేదు. దారిలనే కూలవడ్తది" అన్నాడు బాపు. అది పడిపోకుండా పక్కన తన భుజం ఆనించాడు.

ఆమని బాపు మొఖం చూసింది. చంపాలనుకున్న మనిషి దానికి భుజమెందుకు ఆనిస్తాడు?

అప్పుడే ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీలో ఖాళీ సంచులు, రెండు పారలు. ఓంప్రకాశ్ ఉరికి ఆ మనిషి కాలర్ పట్టుకున్నాడు.

"కత్తి యాడ పెట్టినవ్ రా?"

"కత్తి ఎందుకు భావూ? పార సరిపోతది."

"పారతోనా!" ఓంప్రకాశ్ నోరు తెరిచాడు.

"మరి ఖత్ దేంతోని ఎత్తుతరు? ఘోడ్యాచం ఖత్! గుర్రం ఎరువు! నా పసుపు చేనుకు" అంటూ ఆ మనిషి షెడ్డు వెనక పెంటకుప్పను చూపించాడు. "పాతదైతే బాగ మాగి ఉంటది."

మరాఠీలో ఖత్ అంటే ఎరువు.

"ఈయనొక్కనికే ఇచ్చినని తెలిస్తే చుట్టుపక్క రైతులు నా మీదికొస్తరు. గందుకే చప్పుడు చెయ్యకన్న" అన్నాడు బాపు. "నీకు ఎవరు చెప్పిండ్రన్నా గీ మాట?"

ఓంప్రకాశ్ ఆమని వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"నేనే బాపూ" అంది ఆమని.

బాపు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిజిలిని లోపలికి మళ్లించుకుంటూ, "నన్నొక్క మాట అడగబుద్ధి కాలేదా బిడ్డా?" అన్నాడు.

మాట కూడా సరుకే. ఒకసారి గేటు దాటిందంటే దానంతటది వాపసు రాదు. మనమే వెంటపడి తెచ్చుకోవాలి.

"బాపూ, అంజన్న తాతకు నేను ఫోన్ చెయ్యనా?"

బాపు ఫోన్ ఇచ్చాడు.

"తాతా, నేను కరుణాకర్ బిడ్డను. ఓంప్రకాశ్ అంకుల్‌కు తప్పు చెప్పింది నేనే. ఎరువు మాటను ఖతం అని విన్న."

అవతల నుంచి అంజన్న అన్నాడు: "మీ బాపు పక్కన నిలబడి చెప్పిస్తుండా?"

బాపు మీద అదే అనుమానం మొన్న తనకూ వచ్చింది.

"లేదు తాతా. నా మాట కూడ నమ్మకు. నువ్వే వచ్చి చూడు. ఏమన్న అనుమానముంటే బాపును మొఖం మీదనే అడుగు. నేను గా పని చెయ్యలే."

"వస్త. కాని చెప్పి రాను."

"చెప్పకుంటనే రా తాతా."

ఆమని ఫోన్ బాపు చేతికిచ్చింది.

"ఆయన నిన్ను ఇంకా నమ్ముతలేడు బాపూ. చూడనీకి వస్తడట" అని ఉన్నదున్నట్టు చెప్పింది.