ఏడు కంచు విగ్రహాలు

జీపు వెనక టైరు వాగు బురదలో దిగబడినప్పుడు, జాకీ కోసం సీటు ఎత్తింది వైకుంఠమే. జాకీతో పాటు నూనెగుడ్డలో చుట్టిన పాత కాగితమొకటి అతని చేతికొచ్చింది. దాని మీద పెన్సిలుతో ఒక నది, జంట కొండలు, వాటి నడుమ గుహ, గుహలో వరసగా కూర్చున్న ఏడు బొమ్మలు గీసి ఉన్నాయి. అక్షరం ముక్క లేదు. నిధి అన్న మాట చదువుకోవడానికి వైకుంఠానికి అక్షరాలు అక్కర్లేదు.

వీపుసంచులు తగిలించుకుని వరంగల్ నుంచి లావోస్ అడవులు చూడబోయిన బృందం వాళ్ళది. వైకుంఠం, చెల్లెలు భాస్వతి, ఇద్దరు స్నేహితులు. జీపూ గుడారాలూ బున్మీవి. యాభై ఏళ్ళ ఆ డ్రైవరు మూడు రోజులుగా వాళ్ళను బండరాళ్ళ మీదా వాగుల్లోనూ ఈగ వాలనివ్వకుండా తిప్పుతున్నాడు. కాగితం చూడగానే అతను తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర, వచ్చీరాని ఇంగ్లీషులో, భాస్వతి ఒక్కదానికే సంగతి చెప్పాడు. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో విమానాలు ఈ కొండల మీద బాంబులు కురిపించినప్పుడు ఊరి గుడి తగలబడింది. బున్మీ తండ్రి ఏడు కంచు బుద్ధ విగ్రహాలను ఒక్కొక్కటిగా భుజాన మోసి గుహలో దాచాడు. గుడి మళ్ళీ లేచిననాడు ఏడింటినీ దించి తెస్తానని కొడుకు చేత మాట తీసుకుని కన్నుమూశాడు. ఈ సంవత్సరమే కొత్త గుడికి కప్పు వేశారు, వచ్చే పున్నమికి తేవాలి. ఎవరికీ చెప్పవద్దన్నాడు. భాస్వతి చెప్పనంది.

అన్న దగ్గర దాపరికం ఆమెకు చిన్నప్పటి నుంచీ లేదు. తెల్లవారి వైకుంఠం రెండుసార్లు అడిగేసరికి మొత్తం చెప్పేసింది. నువ్వుగింజ నోట్లో నానదంటారే, అదీ ఆమె సంగతి. ఆ తప్పు తనది కాదని ఆమె ఆ తర్వాత ఎన్నడూ బుకాయించలేదు.

బున్మీ స్నానానికి నదికి వెళ్ళగానే, స్నేహితులిద్దరూ ఇంకా గుడారంలో నిద్రపోతుండగా, వైకుంఠం జీపు తాళం తిప్పాడు. చూసి, రెండు ఫొటోలు తీసుకుని వచ్చేద్దామన్నాడు. అతన్ని ఆపడానికే ఎక్కుతున్నానని తనకు తాను చెప్పుకుని భాస్వతి పక్క సీట్లో కూర్చుంది. వద్దన్న పని చేయడంలో వాళ్ళన్నది అందె వేసిన చేయి. ఫోర్‌వీల్ గేరులో జీపు మూలుగుతూ వెదురుపొదలను తొక్కింది, ఏటవాలు రాళ్ళ మీద ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిలదొక్కుకుంది. కొండను చుట్టి రావడానికి రెండు గంటలు పట్టింది.

జంట కొండల మొదట్లో అడ్డంగా గుంజలు పాతి ఉన్నాయి. ఒక్కోదానికీ తెలుపు చారా ఎరుపు చారా వేసి ఉంది. అవతల ఎండిన వాగు, దాని చివర గుహ నోరు.

"గుడి గోడ లెక్కనే సున్నం, జాజు పూసిన్రు జూడు. దేవుని జాగనే ఇది. చెప్పులిడువు" అన్నాడు వైకుంఠం.

ఆమెకూ అలాగే తోచింది. ఆ రెండు రంగులు ఎక్కడ చూసినా చేతులు జోడించే ఊళ్ళో పెరిగినవాళ్ళు. చెప్పులు గుంజల దగ్గర విడిచి, భక్తిగా వట్టి కాళ్ళతో నడిచారు. వైకుంఠం గబగబా వెళ్ళి గుహలోకి దూరాడు. భాస్వతి సగం దూరంలో ఉండగా వెనక నుంచి కేక వినిపించింది. కొండకు అడ్డంగా కాలిబాటన పరుగెత్తుకొచ్చిన బున్మీ గుంజల దగ్గర నిలబడి, కదలవద్దని రెండు చేతులూ ఊపుతున్నాడు. ఎర్ర చారకు అవతల మట్టి కింద పేలని బాంబులున్నాయని, గుర్తులు పాతినవాళ్ళు ఇంకా తవ్వడానికి రాలేదని అరిచి చెప్పాడు. భాస్వతి ఉన్నచోటే ఆగిపోయింది.

బున్మీ వాగులోని బండల మీద మాత్రమే అడుగులేస్తూ వచ్చాడు. ఆ బండల వరస తండ్రి నేర్పిందట, బతికున్నవాళ్ళలో అతనొక్కడికే తెలుసు. ఆమె చెయ్యి పట్టుకుని, తన పాదం తీసిన చోటే ఆమె పాదం పెట్టించి, బయటికి చేర్చాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. వైకుంఠం కోసం మళ్ళీ గుహ వైపు నడిచాడు.

వైకుంఠం గుహలోంచి సంచీతో వచ్చాడు. సంచీ బరువుగా వేలాడుతోంది. బున్మీ దాన్ని చూపించి, లోపల పెట్టి రమ్మన్నాడు. ఏమీ లేదని వైకుంఠం తల అడ్డంగా ఊపాడు. బున్మీ అతని కళ్ళలోకి ఒక క్షణం చూసి ముందు నడిచాడు.

"అన్నా, అది ఆడనే పెట్టు! ఆయనకు మాటిచ్చిన నేను!" అని భాస్వతి ఏడుస్తూ పిలిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇక నాలుగు బండలు మిగిలాయనగా వైకుంఠం కాలు జారింది. తూలి నిలబడ్డాడు కానీ భుజం మీది సంచీ బున్మీ పక్కకు ఎగిరిపడింది. నోరు తెరుచుకున్న సంచీలోంచి విగ్రహం బయటికి జారింది. దేవుడు నేలపాలు కాకూడదని బున్మీ రెండు చేతులూ చాచి, బండ వదిలి మట్టిలోకి దూకాడు. కొండ రెండుగా చీలినట్టు మోత.

పొగ తేరాక వైకుంఠం బండ మీద బోర్లా పడి ఉన్నాడు, ఒంటి మీద గీతైనా లేదు. బున్మీ కుడికాలు మోకాలి కింద లేదు. భాస్వతి బండల మీదుగా పాకి వెళ్ళి, చున్నీతో అతని తొడ బిగించి కట్టింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ అతన్ని మోసుకొచ్చారు. వైకుంఠం వెనక సీట్లో బున్మీని ఒడిలో పట్టుకోగా, అంతవరకు ఊళ్ళో స్కూటీ తప్ప తోలని ఆ పిల్ల, ఆ దారిన జీపును పిచ్చిగా నడిపి పట్నం ఆసుపత్రికి చేర్చింది.

మూడో రోజు బున్మీకి తెలివొచ్చింది. భాస్వతి ఒక్కతే లోపలికి వెళ్ళి, పది నిమిషాల తర్వాత బయటికి వచ్చింది. వరండాలో వైకుంఠం లేచి నిలబడ్డాడు.

"నా పేరు జెప్పిండా? పోలీసులకు ఏమన్న జెప్తనన్నడా?"

"నీ మాటే ఎత్తలేదన్నా. పేలిన సంగతి యాదిలేదాయనకు. ఏడు విగ్రహాలు గుహ లోపలున్నయా అని అడిగిండు."

"మరి నువ్వేమన్నవ్?"

గుంజలకు అవతల మట్టిలో చెల్లాచెదురైన కంచు ముక్కలు ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. గుహలో మిగిలిన ఆరింటికి ఇక ఎవరు దారి నడుస్తారో ఆమెకు తెలియదు. తన మీద తనకు ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"ఏడూ ఉన్నయని జెప్పిన" అంది భాస్వతి. "నవ్విండు."