ఊదా రిబ్బనూ, ఎర్ర పీలికా

ప్రేమికులకు వానంటే ముద్దేమో గానీ, ఆదోని పత్తి వ్యాపారులకు మాత్రం వానంటే గుండెదడ. ఆ మధ్యాహ్నం ఆకాశం ఒక్క ఉరుము ఉరిమిందో లేదో, గురురాజ గారి మండీలో జనమంతా టార్పాలిన్ పట్టలు పట్టుకుని పరుగులు తీశారు. అందరికంటే ముందు పరిగెత్తింది ఆయన ఒక్కగానొక్క కొడుకు శశికాంత్. కుప్పల మీద పట్టలు కప్పి, మూలల్లో రాళ్లు పెట్టి, హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తిరిగాడు. అప్పుడు కనిపించింది ఆ ఘోరం.

షెడ్డులో పొడిగా ఉన్న పత్తి పక్కన నిలబడి ఒక అమ్మాయి తడి గొడుగును టపటపా దులుపుతోంది.

"ఏయ్! అది పత్తి! గొడుగు బయట పెట్టు!"

ఆమె తీరిగ్గా తల తిప్పింది. "బయట వానప్పా. గొడుగు తడిసిపోదూ?"

ఎంబీఏ చదివినవాడు, రోజంతా బేరాలాడే నోరున్నవాడు, ఆ ప్రశ్నకు బిక్కచచ్చిపోయాడు. ఆమె నవ్వేసి గొడుగును షెడ్డు బయట పెట్టి వచ్చింది.

"కోపం తగ్గించుకో. ఈ కుప్ప మాదే. లక్ష్మప్ప కూతుర్ని నేను, నాగవేణి. మా నాయనకు సద్ది తెచ్చినా."

లక్ష్మప్ప ఎమ్మిగనూరు పక్క పల్లెలో మెట్ట రైతు. ఏటా పత్తి ఈ మండీకే తెస్తాడు. ఆయనకు ఇంత చక్కని కూతురుందని శశికాంత్‌కు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. చెప్పనందుకు అందరి మీదా కోపం వచ్చింది.

లక్ష్మప్ప సద్ది మూట అందుకుంటూ పలకరించాడు. "మీ యమ్మ బాగుందా అప్పా? ఉపాసాలు ఇంకా అట్లే సేస్తాందా? ఆ తల్లి పుణ్యమే మీ మండీని కాపాడతాండేది."

శశికాంత్ తల్లి శారదమ్మ ఉపవాసాలకు ఆదోనిలో పెద్ద పేరు. పెళ్లయిన కొత్తలో మంత్రాలయంలో, తుంగభద్ర మెట్ల మీద, ఏకాదశి ఉపవాసంతో స్పృహతప్పి పడిపోయిందట. అయినా పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. ఇప్పటికీ పండగలకు ఆడవాళ్లు వచ్చి ఆవిడ కాళ్లకు దండం పెట్టిపోతారు.

"బాగుంది మామా," అన్నాడు గానీ శశికాంత్ చూపు నాగవేణి మీదే ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె చున్నీకి పిన్నీసుతో గుచ్చి ఉన్న ఊదారంగు రిబ్బను ముక్క కంటబడింది. పాపం, గుండె జారిపోయింది.

ఎందుకంటే గురురాజ గారి మండీలో ఒక కట్టుబాటు ఉంది. బేరం కుదిరిన కుప్పకు వెంటనే ఎర్ర గుడ్డపీలిక కట్టేస్తారు. పీలిక పడిందంటే ఆ సరుకు మీద ఇంకెవ్వరూ చెయ్యి వేయకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పీలికలు చూస్తూ పెరిగినవాడికి రిబ్బను చూస్తే ఇంకేం తోస్తుంది? ఈ అమ్మాయికి పెళ్లి కుదిరిపోయింది!

వారం తిరగకముందే శశికాంత్ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. నాగవేణి అక్కడ ఒక చేనేత బట్టల దుకాణంలో డిజైన్లు వేస్తుందని లక్ష్మప్పను అడిగీ అడగనట్టు అడిగి తెలుసుకున్నాడు. మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టాడు.

"ఏం కావాలన్నా?" అంది నాగవేణి.

అన్నా! ఆ ఒక్క మాటతో సగం ప్రాణం పోయింది. "టవల్. నన్ను శశికాంత్ అని పిలవచ్చు."

"ఏ రంగు టవల్ శశికాంతన్నా?"

మిగతా సగమూ పోయింది. ఏం చెయ్యాలో తోచక బల్ల మీదున్న గాజు సీసాలోకి చూశాడు. దాన్నిండా రంగురంగుల రిబ్బన్లు, అన్నీ చిన్న ముడిలాగా మడిచినవే. ఎర్రది ఒకటి తీసి చొక్కాకు ఆనించుకున్నాడు.

"ఇది నాకు బాగుంటుందా?"

"బాగుంది. అది ఎయిడ్స్‌ది."

తేలు కుట్టినట్టు విదిలించేశాడు.

"రిబ్బను పెట్టుకుంటే అంటుకోదులేప్పా! ఆ జబ్బున్నోళ్లను దూరం పెట్టద్దని సెప్పేదానికి అది." కింద పడ్డదాన్ని ఆమె తీసి తుడిచింది. "మగ్గాల మీద మిగిలిన దారంతో నేయించి కాలేజీ క్యాంపులకు ఇస్తాంటా. పింక్ రొమ్ము క్యాన్సర్‌కు. సిగ్గుపడకుండా ముందే చూపించుకోమని. పచ్చది మనసు బాగలేనోళ్లకు తోడుండమని."

శశికాంత్ సీసాలోకి మళ్లీ తొంగి చూశాడు. "అంటే... ఇవి బేరం కుదిరినట్టు గుర్తు కాదా?"

"ఏం బేరం?"

చెప్పక తప్పలేదు. పీలిక సంగతి విని నాగవేణి బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"నన్ను అమ్ముడుపోయిన పత్తికుప్ప అనుకున్నావా?"

"అట్ల కాదు! ఎవడో పుణ్యాత్ముడు నాకంటే ముందే..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వు ఆగింది. చెంపలు కందాయి. "ఇంత దూరం ఇది అడిగేదానికే వచ్చినావా?"

"టవల్‌కు కూడా." ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ధైర్యం వచ్చి శశికాంత్ అడిగేశాడు. "మరి ఈ ఊదా దేనికి?"

"మూర్ఛకు. నాకుండాది."

శశికాంత్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి పడింది. చెయ్యి మొలకు వేలాడుతున్న మండీ తాళాల గుత్తి మీదికి పోయింది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని చిన్నప్పటి నుంచీ విన్నాడు మరి.

నాగవేణి రెండూ చూసింది. "తాళాలు ఇడిసిపెట్టప్పా. ఇప్పుడేం రాలేదు. వచ్చినా తాళాలతో పోదు. మాత్రలు ఏసుకుంటాండా, చాన్నాళ్లుగా రాలేదు." చెయ్యి మాత్రం చున్నీ మీది రిబ్బనును తడిమింది. "సంబంధానికి వచ్చినోళ్లు తెలిసినాక మళ్లీ రాలేదు. దాచి పెళ్లి సేద్దామన్నారు మావాళ్లు. దాస్తే బతికినంతకాలం దొంగలాగా బతకాల. అందుకే ముందే పెట్టుకుంటా. పోయేటోళ్లు ముందే పోతారు."

నేను పోను అనాలని శశికాంత్ మనసు గింజుకుంది. నోరు మాత్రం వేరే మాట అంది. "బస్సు... టైమయింది."

మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులకేం కరువు?

ఆదివారం దాకా సరిగా తినలేదు, నిద్రపోలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇక ఆగలేక అంతా కక్కేశాడు. "ఆ పిల్లంటే నాకిష్టం నాయనా. సేసుకుంటే ఆ పిల్లనే."

గురురాజ ముద్ద కంచంలో వదిలేశాడు. "లక్ష్మప్ప మంచోడే. కానీ మూర్ఛ పిల్లనా? మనింటికా? వద్దు!"

"మాత్రలతో అదుపులో ఉంటుందంట. డాక్టర్‌ను కూడా అడిగొచ్చినా."

"వద్దంటే వద్దు! నలుగురికీ ఏమని సెప్పాల?"

వడ్డిస్తున్న శారదమ్మ సాంబారు గిన్నె కింద పెట్టింది. "శశీ, నేను రోజూ ఏసుకునే మాత్ర దేనికిరా?"

"బీపీకి కదమ్మా?"

"నాకు బీపీ యాడిది? రాయిలాగుండా."

"శారదా!" గురురాజ గొంతు కీచుమంది.

"మంత్రాలయం మెట్ల మీద నేను పడింది ఉపాసంతో కాదు నాయనా. ఆ పొద్దు కడుపునిండా ఉప్మా తినింటి. అది మూర్ఛే."

శశికాంత్ చేతిలో గ్లాసు జారి నీళ్లన్నీ ఒలికిపోయాయి. ఆదోని అంతా దండం పెట్టే ఉపవాసం వెనక ఉప్మా ఉందా! తను పుట్టి పెరిగిన ఇంట్లో, రోజూ తన కళ్ల ముందే మింగే మాత్ర సంగతి తనకు తెలియదా!

"ఆ కథ కట్టింది మీ నాయనే," శారదమ్మ కళ్లొత్తుకుంది. "మీ అవ్వ నన్ను పుట్టింటికి పంపుతుందని భయపడి. ఆ కథ నిలబెట్టేదానికి నేను ఏకాదశి ఏకాదశికీ వంటింట్లో తలుపేసుకుని తింటాండా."

గురురాజ తల వంచుకున్నాడు. మండీని గడగడలాడించే మనిషి చిన్నబోయి కూర్చున్నాడు. "ఆ పిల్ల సెడ్డదని కాదురా. ఒక్కటి దాసేదానికే జన్మంతా అబద్ధాలాడినా. ఇంకోటి దాసే ఓపిక నాకు లేదు."

"దాయమని ఎవరడిగినారు?" అంది శారదమ్మ. "ఆ పిల్ల దాయలేదు కదా. చున్నీకి పెట్టుకుని తిరుగుతాంది. నాకు లేని ధైర్యం దానికుంది."

గురురాజ లేచి, భార్యకు కంచం పెట్టి తనే అన్నం వడ్డించాడు.

లక్ష్మప్ప రెండో బండి పత్తి తెచ్చిన రోజు ఏకాదశి. నాగవేణి సద్ది మూటతో షెడ్డులోకి వచ్చి, శశికాంత్‌ను చూసి మొహం తిప్పుకుంది. అతను ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఆ పొద్దు భయపడినా. బస్సని అబద్ధమాడినా. సిగ్గుగా ఉండాది."

"ఇప్పుడు భయం పోయిందా?"

"పోలేదు. కానీ ఇకమీద భయపడితే నీ పక్కన కూర్చొని భయపడతా, మెట్లు దిగి కాదు. వస్తే ఏం సేయాలో డాక్టర్ సెప్పినాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాల, తల కింద మెత్తగా పెట్టాల, నోట్లో ఏమీ పెట్టగూడదు."

"తాళాలు?"

"ఇంట్లో పెట్టొచ్చినా."

నాగవేణి నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. అంతలో మండీ మొత్తంలో బేరాలు ఆగిపోయాయి. గుమ్మంలో శారదమ్మ! ఆవిడ మండీలో అడుగు పెట్టడం ఎవరూ ఎరగరు. దండం పెట్టడానికి చేతులు లేచాయి.

ఆవిడ నేరుగా నాగవేణి దగ్గరికి వచ్చింది. "ఆ ఊదాది ఇంకోటుందా తల్లీ?"

నాగవేణి సంచిలోంచి తీసి ఇచ్చింది. శారదమ్మ దాన్ని పట్టుచీర పైటకు గుచ్చుకుని అందరి వైపూ తిరిగింది. "ఇదేందని అడగండి. నాకు మూర్ఛ ఉండాది. నేను ఉపాసాలు సేయలేదు. మాత్రలు ఏసుకుంటాండా, అంతే."

తక్కెడ దగ్గర మనుషులు బొమ్మల్లా నిలిచిపోయారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. నాగవేణికి కళ్లు నిండిపోయాయి. శారదమ్మ ఆమె చేతిలోని మూట విప్పి, ఏకాదశి పూట, అందరి ముందూ, సజ్జరొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"కమ్మంగుండాది లక్ష్మప్పా," అంది. "మీ పిల్లే సేసిందా?"

లక్ష్మప్ప ఏడుస్తూ తలూపాడు.

గురురాజ గద్దె దిగి వచ్చాడు. చేతిలో ఎర్ర గుడ్డపీలిక ఉంది. నాగవేణి ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, మా మండీలో ఇదొక కట్టుబాటు..."

"తెలుసు మామా," అంటూ నాగవేణి ఆ పీలిక అందుకుంది. "కానీ నేను పత్తికుప్పను కాను."

శశికాంత్ మొహం తెల్లబోయింది. ఆమె అతని చెయ్యి లాగి, మణికట్టుకు పీలిక చుట్టి, గట్టిగా ముడేసింది.

"బేరం కుదిరింది. ఇంక ఈ సరుకు మీద ఎవ్వరూ చెయ్యి ఎయ్యగూడదు."

గురురాజ కళ్లు తుడుచుకుని, ఎప్పటి గొంతుతోనే గర్జించాడు. "విన్నారు కదా? ఇంకేం సూస్తాండారు? మా వియ్యంకుడి పత్తి తూకం ఎయ్యండి!"