షెడ్డులో డేవిడ్‌రాజు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పక్కన పాత మిషన్ కాంపౌండు ఒకటుంది. ఆస్పత్రి మూతపడి చాలా కాలమైంది. వెనక బత్తాయి తోట, తోట మూల రేకుల షెడ్డు. పొద్దుకూకితే ఆ షెడ్డు పక్క దోవన ఎవరూ నడవరు. నోట్లో ప్రార్థన పెట్టుకొని పోయేవాళ్లు కూడా చుట్టు తిరిగి రోడ్డు మీదుగానే పోతారు.

లోపల డేవిడ్‌రాజు ఉన్నాడంటారు.

ఆయన ఆ తోటకు మాలి. ఎప్పుడో దొరసాని డాక్టరమ్మ ఓడలో తెప్పించిన చిన్న ట్రాక్టరొకటి ఆయన చేతికొచ్చింది. డీజిలు లేదు, పొగ లేదు — బ్యాటరీల మీద నడిచేది. గడ్డి కోసేది, నీళ్ల డ్రమ్ములు లాగేది. దాని పార్టులు ఎక్కడా దొరకవు. మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగితే పాత జీపు సెల్ఫ్ మోటారువి తెచ్చి, ఆకురాయితో రుద్ది సరిపెట్టేవాడు. వైర్లు ఎలకలు కొరికితే టేపు చుట్టేవాడు. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం దాన్ని ఛార్జింగుకు పెట్టి, ఆ సీటు మీదే తల వాల్చి పోయాడు. శవాన్ని మోసుకొచ్చినవాళ్లు షెడ్డు తలుపు దగ్గరికేసి వచ్చేశారు. మళ్లీ ఎవరూ లోపలికి పోలేదు.

కొన్నాళ్లకు మొదలైందట చప్పుడు.

టక్... గుయ్య్... మళ్లీ టక్. ట్రాక్టరు తీయబోయి ఆపేసినట్టు.

ఈ మాట డేవిడ్‌రాజు భార్య విజయకుమారికి పక్క క్వార్టరు ఎస్తేరమ్మ చెప్పింది — చెప్పలేక చెప్పలేక.

"నువ్వు ఆ పక్కకు పోబాక విజయా."

"నువ్వు విన్నావా అక్కా?"

"విన్నాను. ఆయన తాళం ఎట్ట తిప్పేవాడో... అట్టనే ఉండాది."

విన్నవాళ్లందరికీ ఒళ్లు జలదరించిన మాట అది. విజయకుమారికి మాత్రం, ఎన్నో నెలల తర్వాత, ఆ రాత్రి అన్నం సహించింది.

ఒక్కటే దిగులు. రేపో మాపో ఆత్మకూరు నుంచి పాత ఇనుము వాళ్లొచ్చి ట్రాక్టరు ఎత్తుకుపోతారని పాస్టరుగారు చెప్పి ఉన్నారు. అది పోతే ఈ మనిషి ఎక్కడికి పోతాడు?

మర్నాడు రాత్రి బయల్దేరింది. చేతిలో సెల్లుంది, లైటు మాత్రం వెయ్యలేదు. వెలుతురు చూసి వెళ్లిపోతాడేమోనని.

నీళ్లు పెట్టేవాళ్లు లేక చెట్లు సగం ఎండిపోయాయి. కాలు కింద ఆకులు కరకరమంటున్నాయి. షెడ్డు నల్లగా నిలబడి ఉంది... ఏ అలికిడీ లేదు. ఆమె ఆగింది. ఇంకాసేపు ఆగింది.

టక్.

గుయ్య్... మని సన్నటి మూలుగు. రేకుల సందులో ఎర్రటి వెలుగు — కనిపించి పోయింది.

"ఏమయ్యా..." పెదాలు కదిలీ కదలనట్టుగా అంది. "నేనే... విజయను."

మూలుగు ఆగిపోయింది.

విన్నాడనుకుంది.

తలుపు తోసింది. లోపల దుమ్ము, ఘాటైన ఆసిడ్ వాసన. తడుముకుంటూ పోయి బానెట్టు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది... మనిషి ఒంటి వెచ్చన. దాని మీద చెంప ఆనించి అట్లాగే ఉండిపోయింది.

టక్ —

ఈసారి చప్పుడు ట్రాక్టరులోంచి రాలేదు. వెనక గోడ నుంచి వచ్చింది.

లైటు వేసింది. గోడకు ఛార్జరు పెట్టె. ఆ సాయంత్రం ఆయన పెట్టిన ప్లగ్గు పెట్టినట్టే ఉంది. రాత్రిపూట పొలాల మోటార్లకు కరెంటిస్తారు, అన్నీ ఒక్కసారి ఆడితే వోల్టేజీ పడిపోతుంది. పెట్టె టక్కున ఆగుతుంది. కాస్త పుంజుకుంటే టక్కున అందుకొని మూలుగుతుంది, ఆ కరెంటుకే బ్యాటరీలు వెచ్చబడతాయి. ఎర్రలైటు ఆమె కళ్లముందే వెలిగింది, ఆరింది.

అయినా ఆశ చావలేదు. చప్పుడు పెట్టెదే కావచ్చు... మనిషి రావడం లేదని ఎట్లా అనుకోవడం?

బానెట్టు ఎత్తింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన ఈ బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. జొరంతో పడుకున్న వారం కూడా లేచొచ్చి పోశాడు. "దీనికి నోరుందా అడగడానికి," అన్నాడు వద్దంటే.

ఒక మూత తిప్పి లోపలికి లైటు పట్టింది. ఇంకో మూత. ఇంకోటి.

అడుగున తడి తప్ప చుక్క నీళ్లు లేవు. ప్లేట్లు తెల్లగా పొక్కి, ఎండిపోయి ఉన్నాయి. నీళ్ల క్యాను అక్కడే, చెయ్యి చాస్తే అందే అలమరలో, నిండుగా ఉంది. దాని మీద దుమ్ము చెదరలేదు.

"వచ్చేటోడైతే ఇట్ట ఎండబెడతాడా..." అంది విజయకుమారి.

ప్లగ్గు పీకేసి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత ఇనుము వాళ్లు ట్రాక్టరు తీసుకుపోయారు. షెడ్డుకు మాత్రం చెడ్డపేరు పోలేదు. చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందని కొందరంటారు, జనం ఇప్పటికీ చుట్టు తిరిగే పోతారు. విజయకుమారి ఒక్కతే ఏ వేళప్పుడైనా ఆ దోవన నడిచి వస్తుంది.

"భయం లేదా నీకు?" అని ఎస్తేరమ్మ ఒకసారి అడిగిందట.

"ఏం భయమక్కా," అందట ఆమె. "అక్కడ ఎవరూ లేరు."