ఏడో మడికి రెండు బిందెలు

నెల రోజుల తరువాత చినుకు పడింది. ఊళ్ళో అందరూ ఇళ్ళలోంచి బయటికి వచ్చి ముఖాలు పైకెత్తారు. రేఖ మాత్రం తమ చేని వైపు పరుగెత్తింది. అక్కడ ఎవరో ఒక మనిషి వేరుశనగ పైరు మీద వాన పడకుండా ప్లాస్టిక్ పట్ట కప్పుతున్నాడు.

“ఏమప్పా, నీకేమన్నా తిక్కా? తీయ్ దాన్ని,” అంది.

అతను పట్టను ఇనుప పైపుల మీదుగా లాగుతూనే తిరిగి చూశాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది.

“ఆ కొస బిన్నా పట్టుకోండి, గాలికి ఎగురుతాంది.”

“వాన కోసరం ఊరంతా మొక్కుతాంటే నువ్వు వానకు గొడుగు పడతావా?”

“మీ నాయననే అడగండి. సంతకం పెట్టింది ఆయనే.”

రేఖ కొస పట్టుకోలేదు. కానీ గాలికి పట్ట ఎగిరి ఆమె ముఖం మీదే పడింది. ఇక పట్టుకోక తప్పలేదు. పది నిమిషాల్లో వాన ఆగిపోయింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పైరు మాత్రం పొడిగా ఉంది.

అలా పరిచయమయ్యాడు తిప్పేష్. విడపనకల్లు అబ్బాయి, వ్యవసాయ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. రేఖ కాలేజీకి పోయిన వేళల్లో వచ్చి, ఆమె తండ్రి పుల్లన్న చేనిలో పది చిన్న మడులు వేశాడు. ఒక్కో మడిలో ఒక్కో కొత్త రకం వేరుశనగ. మొక్కల జన్యువులు పరీక్షించి, కరువుకు తట్టుకుంటాయని ప్రయోగశాలలో ఎంచిన రకాలు. అంతవరకు బోరు నీళ్ళతో పెంచి, ఇప్పుడు నలభై రోజులు చుక్క నీరు లేకుండా ఎండబెడతారు. ఏది బతికితే అది గెలిచినట్టు. ఇదే పరీక్ష విడపనకల్లులోనూ, కొత్తచెరువులోనూ నడుస్తోంది.

కోపం వచ్చినప్పుడు తప్ప రేఖ నలుగురిలో నోరు విప్పదు. డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చినా క్లాసులో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. మాట్లాడటం కన్నా రాయడం సులువు ఆమెకు. అందుకే తిప్పేష్ వాన పుస్తకం ఆమెకు అప్పగించాడు. రోజూ పొద్దున్నే చేనిలో వాన కొలిచే గొట్టం, వానగాజు, చూసి రాయాలి. పేజీలో మూడు గడులు: తేదీ, వాన, విశేషాలు. వాన గడిలో రోజూ సున్నా. విశేషాల గడి ఎప్పుడూ ఖాళీ.

ఒకరోజు తిప్పేష్ చిన్న కెమెరా తెచ్చాడు. అది వేడిని రంగుల్లో చూపిస్తుంది. నీళ్ళు అందని ఆకు వేడెక్కి ఎర్రగా కనిపిస్తుంది, నీళ్ళున్న ఆకు నీలంగా కనిపిస్తుంది.

“ఇట్ల చూడండి,” అని ఆమెను కూడా తీశాడు. తెర మీద రేఖ బుగ్గలు ఎర్రగా వచ్చాయి.

“మీకూ నీళ్ళు చాలినట్టు లేదు.”

“ఎండ,” అంది రేఖ.

“నీడలో ఉండారు కదండీ.”

ఆమె వాన పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ముప్పై ఆరో రోజు కాలేజీలో పరీక్ష ఉండి, రేఖ గంట ముందే చేనికి వెళ్ళింది. ఏడో మడి దగ్గర పుల్లన్న వంగి బిందె ఒంపుతున్నాడు.

“నాయనా.”

పుల్లన్న ఉలిక్కిపడ్డాడు. “చేయి కడుక్కుంటాండా.”

“బిందెతోనా?”

ఆయన ఖాళీ బిందెను కాళ్ళ వెనక్కి నెట్టాడు.

“ఎన్ని దినాల నుంచి?”

“పన్నెండు. దినానికి రెండు బిందెలు.” గట్టు మీద కూలబడ్డాడు. “మూడేండ్లు వరసగా ఈ చేన్లో పైరు ఎండేది చూసినా. అప్పుడు నీళ్ళు లేవు, ఊరుకుంటి. ఇప్పుడు బోర్లో నీళ్ళు పెట్టుకొని కావాలని ఎండబెట్టమంటే నాతో కాలేదమ్మా. ఏడోది తల వాల్చేసింది. చూస్తా చూస్తా యాడికి పోయేది?”

రేఖకు తండ్రిని తిట్టాలనిపించలేదు. ఇంకెప్పుడూ పోయనని మాత్రం మాట తీసుకుంది.

ఆ మధ్యాహ్నం తిప్పేష్ గట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏడోది చూసినారా? విడపనకల్లులో పోయింది, కొత్తచెరువులో సగం నిలబడింది. మీ చేన్లో నిలబడితే పాసయినట్టే. వచ్చే ఏడు వెయ్యి మంది రైతులకు విత్తనం పోతుంది.” గొంతు తగ్గించాడు. “ఆ పని చూసేదానికి నన్ను ఈడనే రెండేండ్లు పెడతామన్నారు ఇంద్రాణి మేడమ్.”

“లేకపోతే?”

“ఇంకో జిల్లాకు పంపిస్తారు. యాడికో ఏమో.” ఆమె ముఖంలోకి చూశాడు. “మీరేమీ అనరా?”

రేఖ ఏడో మడి వైపు చూసింది. నోరు తెరిస్తే నాయన పరువు పోతుంది, ఇతని కష్టం పోతుంది, ఇతనూ పోతాడు. తెరవకపోతే వచ్చే ఏడు వెయ్యి చేన్లలో ఏడో రకం ఎండుతుంది. అక్కడ పొద్దున్నే బిందె తెచ్చి పోసేవాళ్ళు ఉండరు.

నాలుగు రోజులు ఆమె పుస్తకం తెరవడం, సున్నా వేయడం, మూసేయడం. నాలుగు రోజులూ అతను నవ్వుతూనే ఉన్నాడు.

నలభయ్యో రోజు పెద్ద శాస్త్రవేత్త ఇంద్రాణి మేడమ్ జీపులో దిగింది. డ్రోన్ లేచి చేనంతా తిరిగింది. మేడమ్ చేతిలోని తెర మీద మడులు ఒక్కొక్కటే వచ్చాయి. ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఒక్క ఏడోది మాత్రం నీలం.

“చాలా బాగుంది తిప్పేష్,” అంటూ మేడమ్ పెన్ను తీసింది.

రేఖ మేడమ్ ఎదుటికి వచ్చింది. పుస్తకం ముందుకు చాచింది. “మేడమ్, వాన లెక్క.”

“వానే లేదు కదమ్మా, అన్నీ సున్నాలేగా?”

“విశేషాల గడి చూడండి.”

ఆ పొద్దున పన్నెండు వరుసల్లో ఆమె ఒకే మాట రాసింది: ఏడో మడికి రెండు బిందెలు.

మేడమ్ భుజం పక్కనుంచి తిప్పేష్ కూడా చదివాడు. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“నాలుగు దినాలాయె.”

“నాలుగు దినాలు నేను ఎగురుతాంటే చూస్తా ఉన్నారా?”

పుల్లన్న భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “పాపది తప్పు లేదు మేడమ్. పోసింది నేను.”

మేడమ్ పన్నెండు వరుసలూ మళ్ళీ చదివింది. తరువాత, “పుల్లన్నా, ఏడుకే ఎందుకు పోశారు? పక్కనే నాలుగు ఉంది కదా,” అంది.

“నాలుగుకు అక్కరలేదు మేడమ్. అది మధ్యాన్నం ఆకు ముడుచుకుంటాది, పొద్దు గూకేటప్పటికి మళ్ళీ విప్పుకుంటాది. దినామూ చూస్తాండా కదా. ఏడు ముడుచుకుంటే విప్పుకోలే.”

మేడమ్ మళ్ళీ తెర చూసింది. నాలుగోది ఎరుపూ కాదు, నీలమూ కాదు, పసుపు. ఎండకు ఓర్చుకుంటోంది. మిగతా రెండు ఊళ్ళ ఫోటోలు తెర మీదికి తెచ్చింది. అక్కడా పసుపే. మొక్క పొట్టిగా ఉందని అందరూ మొదట్లోనే పక్కన పెట్టిన రకం అది.

ఆమె జాబితాలో ఏడును కొట్టేసి, నాలుగు చుట్టూ గుండ్రంగా గీసింది. “ఇంకో ఏడాది చూడాలి. ఎక్కడో, ఎవరితోనో తరువాత చెబుతాను.”

తిప్పేష్ వాన పుస్తకం తీసుకుని, రేఖ వైపు చూడకుండా జీపు ఎక్కాడు.

పది రోజులు రేఖ వానగాజు చూసి విడి కాగితం మీద సున్నాలు రాసింది. దారి వైపు ఎన్నిసార్లు చూసిందో మాత్రం ఎక్కడా రాయలేదు.

పదకొండో రోజు సాయంత్రం మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడగానే ఆమె అలవాటు కొద్దీ పట్ట దగ్గరికి పరుగెత్తింది. బైకు ఒకటి గట్టు పక్కన ఆగింది. తిప్పేష్ దిగి రెండో కొస పట్టుకున్నాడు.

“కప్పొద్దు,” అన్నాడు. “పరీక్ష అయిపోయింది. పూర్తిగా తీసేద్దాం.”

ఇద్దరూ కలిసి పట్టను చుట్టేశారు. వాన పది మడుల మీదా ఒకేలా కురిసింది. అతను చొక్కా లోపలి నుంచి కవరు చుట్టిన వాన పుస్తకం తీసి ఇచ్చాడు. ఆమె వంగి, పేజీ తడవకుండా చూసింది. విశేషాల గడిలో అతని రాత:

‘నాలుగో రకం మళ్ళీ ఈ చేనిలోనే. నేనే అడిగి ఈ ఊరికే వేయించుకున్నాను. కోపం మూడు రోజులే ఉంది. మిగతా రోజులు ఏ ముఖంతో రావాలో తెలియలేదు. నిజం రాసే ఈ చేయి నాకు ఎప్పటికీ కావాలి. మీకిష్టమైతే మీ నాయనను అడుగుతాను.’

“ఎదురుగా ఉండి రాసేదేంది?” అంది రేఖ, తల ఎత్తకుండా.

“మీరు మాట్లాడరు కదా. రాస్తేనన్నా జవాబు వస్తుందని.”

పుల్లన్న తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చాడు. “ఏమప్పా తిప్పేషూ, ఈ పొద్దన్నా తడవనిస్తావా?”

“మీ ఇష్టం పుల్లన్నా.”

“పైరును తడవనీ. పాపకు జలుబు చేస్తాది, ఇంట్లోకి తోడుకోని రా.” చెప్పి, వెనక్కి చూడకుండా ముందు నడిచాడు.

మరునాడు పొద్దున రేఖ వానగాజు చూసింది. పద్దెనిమిది మిల్లీమీటర్లు. వాన గడిలో అది రాసింది. తిప్పేష్ గట్టు మీద నిలబడి, ఏమీ పట్టనట్టు నాలుగో మడి ఆకులు లెక్కపెడుతున్నాడు.

విశేషాల గడిలో ఆమె ఒక్క మాట రాసింది: అడగండి.

పుస్తకం అతని చేతికిచ్చి, ఈసారి ముఖం దాచుకోకుండా అక్కడే నిలబడింది.