వెనక వీధి వాల్వు

పొద్దున ఏడుకల్లా తమ్ముడు మాదన్న తన గడపలో కూర్చుని ఉండటం చూసి సిద్దమ్మకు కడుపు చల్లబడింది. ఈ తల తన ముందు వంగాలనే పదకొండేళ్లుగా ఆమె బతుకుతోంది. వాడలోని ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న నీళ్ల పార్టీ తరఫున ఆదోనిలో గెలిచిన కౌన్సిలర్ ఆమె ఒక్కతే. ఆ పార్టీకి ఉన్నది ఒకే మాట, ప్రతి వీధికీ నీళ్లు. పెద్ద పార్టీలు రెండూ సరిసమానంగా గెలవడంతో చైర్మన్ ఎవరో ఆమె ఎత్తే చెయ్యే తేల్చాలి. వాటిలో ఒక పార్టీ మాదన్నను చైర్మన్ పదవికి నిలబెట్టింది.

"అక్కా, రేపు నాకు సెయ్యెత్తు. నీకేం గావల్లన్నా సేయిస్తా," అన్నాడు మాదన్న.

"మీ బావను తెచ్చిస్తావా?"

మాదన్న తల దించుకున్నాడు. అప్పట్లో అతనే కౌన్సిలర్. ఓట్లప్పుడు బావ తన వెంట తిరగలేదని సిద్దమ్మ వాళ్ల వీధికి నీళ్లొచ్చే వాల్వు మూయించాడు. ఆ ఎండల్లో సైకిలుకు రెండు పక్కలా బిందెలు కట్టుకుని ఎమ్మిగనూరు రోడ్డు బోరు నుంచి నీళ్లు తెస్తూ సిద్దమ్మ మొగుడు లక్ష్మన్న లారీ కింద పడి చనిపోయాడు.

"తప్పయిందక్కా."

"పదకొండేండ్లకు నోరొచ్చిందా? కుర్చీ కనపడితేనే వచ్చింది."

"మా ఇంట్లో నాలుగు దినాలుగా సుక్క నీళ్లు లేవు. నీ పనేనని తెలుసు. అయినా వచ్చినా."

"తెలియల్లనే మూయించినా. అనుభవించు."

గెలిచిన మర్నాడే మున్సిపాలిటీలో నీళ్లు వదిలే మనిషి ఉరుకుందును పిలిచి, మాదన్న ఉండే వెనక వీధి వాల్వు మూయించింది సిద్దమ్మ. ఈ నాలుగు రోజులూ అన్నం ఎంత రుచిగా ఉందో ఆమెకే తెలుసు.

అంతలో వాకిట్లో సైకిలు ఆగింది. వెనక వీధి హెప్సిబా, ఆమె భర్త రవికుమార్. ఓట్లప్పుడు బిందె నెత్తిన పెట్టుకుని సిద్దమ్మ కోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి హెప్సిబా. సైకిలుకు రెండు పక్కలా బిందెలు. రవికుమార్ మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

"లారీ రాసుకొని పోయిందక్కా. దేవుడు కాపాడినాడు," అంది హెప్సిబా. "మా నీళ్లు ఎవరు ఆపినారో అడుగు. నువ్వుండావనే మా ధైర్యం."

సైకిలుకున్న సొట్టపడిన బిందెను పట్టుకుని సిద్దమ్మ భోరున ఏడ్చింది.

"ఆపింది నేనే తల్లీ."

సిద్దమ్మ కళ్లు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"నీకు సెయ్యెత్తను మాదా. అది మాత్రం అడగొద్దు. రా, వాల్వు బిగుసుకుని ఉంటాది, నా ఒక్కదాని వల్ల గాదు."

వెనక వీధి మొదట్లో మాదన్న మోకాళ్ల మీద కూర్చుని వాల్వు గుంత మీది మట్టి తీశాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఇనుప కడ్డీ పట్టుకుని తిప్పారు. వీధి కొళాయిలో బుసబుసమని గాలి, ఆ వెనక నీళ్లు వచ్చాయి.

బిందె నిండేదాకా హెప్సిబా సిద్దమ్మ ముఖం చూడలేదు. నిండాక మెల్లగా అంది.

"ఒక సెయ్యి పట్టక్కా."

సిద్దమ్మ వంగి, బిందె ఎత్తి ఆమె నడుమున పెట్టింది.