మూడో లైన్ మీద ఎర్ర జెండా

అరవింద్ తలలో గుర్తుపట్టడానికి మిగిలింది ఎడమ చెవి ఒక్కటే.

ఉదయం 6.40. గద్వాల రైల్వే డిపో, మూడో లైన్. ఆగి ఉన్న బోగీ కింద శవం.

డిపో నెత్తిన కాంక్రీటు స్లాబు. దాని మీద పదహారంతస్తుల ప్రైవేటు అపార్ట్‌మెంట్లు. అరవింద్ వాటికి మేనేజర్. స్లాబులో అక్కడక్కడ డిపోలోకి గాలి ఆడేందుకు వదిలిన కంతలున్నాయి. నెల కిందట అదే లైన్‌లో చనిపోయిన డిపో కార్మికుడు రాజు దయ్యమై పట్టాడని పై అంతస్తుల వాళ్లు చెప్పుకున్నారు.

పుర్రె ఏడు చోట్ల పగిలింది. దయ్యాలకు ఇనుప పానతో పనిలేదని ఇన్‌స్పెక్టర్ సుప్రియ అభిప్రాయం.

ఎనిమిదింటికల్లా ఎస్సై లక్ష్మణ్ హంతకుణ్ణి తెచ్చేశాడు. పేరు యేసయ్య. బల్మూర్ నుంచి వచ్చిన అపార్ట్‌మెంట్ల స్వీపర్. నివాసుల లిఫ్టు ఎక్కాడని ముందురోజు సాయంత్రం అరవింద్ అతన్ని బెల్టుతో చావగొట్టాడు. యేసయ్య చొక్కా నిండా రక్తం. పదకొండింటికి, లాఠీ విరిగాక, నేరం ఒప్పుకున్నాడు. నాలుగింటికి కోర్టు.

సుప్రియ లాకప్‌లోకి వెళ్లేసరికి యేసయ్య కుడిచేతి వేళ్లు రెండు వెనక్కి వాలి ఉన్నాయి.

"దేంతో కొట్టినవ్?"

"ఎస్సై సార్‌ను అడగాలె, అమ్మా."

స్టేషన్ గేటు దగ్గర యేసయ్య కూతురు నిరోష అడ్డం నిలబడింది. "నాలుగు దాటితె మా నాయిన మల్ల ఇంటికి రాడు మేడం."

మధ్యాహ్నం 12.20కి సుప్రియ డిపోలో ఉంది. రాత్రి డ్యూటీ టెక్నీషియన్ ఒక్కడే, మహేందర్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. చచ్చిపోయిన రాజుకు అన్న. మూడో లైన్ మీద పనేమీ లేదని, తాను అటు పోనేలేదని చెప్పాడు. రిజిస్టరూ ఖాళీగానే ఉంది.

షంటింగ్ ఇంజన్ డ్రైవర్ వెంకటయ్యను పిలిపించింది. 5.20కి ఆ బోగీని లాగాల్సినవాడు పన్నెండు నిమిషాలు ఎదురుచూసి, విసుగొచ్చి వేరే లైన్‌కు వెళ్లిపోయాడట.

"ఎందుకాగినవ్?"

"జెండ ఉండె."

"పొద్దున ఎందుకు చెప్పలె?"

"ఎర్రజెండ ఉంటె కింద మనిషున్నట్టె, ఆగుతం మేడం. గది చెప్పేదేముంది?"

2.10కి సుప్రియ అందరినీ మూడో లైన్ దగ్గర నిలబెట్టింది. బోగీ కింద ఇంకోసారి చూడాలంది. లక్ష్మణ్ వంగి నేరుగా దూరాడు. యేసయ్యా బేడీలతోనే దూరాడు.

"మీరూ చూడండి, మహేందర్."

మహేందర్ వంగలేదు. అలవాటుగా గోడ దగ్గరికి నడిచాడు. తన పేరు రాసి ఉన్న పెట్టెలోంచి చుట్టిన జెండా తీశాడు. అప్పుడు ఆగిపోయాడు.

"విప్పండి."

విప్పలేదు. ఆమే లాక్కుని విప్పింది. గుడ్డ పెళపెళమంది.

"ఎరుపు మీద రక్తం కనబడదు. ఎండితే మాత్రం అట్టలా బిగుస్తుంది. చక్రాలు నలిపేస్తే ఏడు దెబ్బలూ మాసిపోతాయని శవాన్ని బోగీ కిందికి లాగారు. కింద దూరేముందు జెండా పాతడం మీ రక్తంలో ఉంది. మీరు నమ్ముకున్న ఇంజన్‌ను మీ జెండాయే ఆపింది."

మహేందర్ చేతికి గోడ పక్కనున్న పాన దొరికింది. మొదటి దెబ్బ సుప్రియ మోచేతి కింద ఎముకను విరిచింది. రెండోది లేవకముందే ఆమె బూటు అతని మోకాలి చిప్పను పక్కకు తోసింది. పట్టాకు తల కొట్టుకుని పడ్డాడు. నోట్లోంచి పన్నూ రక్తమూ ఊశాడు.

"పైనుంచి గ్రానైట్ ముక్క కంతలకెల్లి ఏసిన్రు," అన్నాడు. "మా తమ్ముడి తల రెండు చెక్కలైంది. అరవింద్‌గాడు కెమెరా తుడిచేసి, తమ్ముడే జారి పడ్డడని రాయించిండు. రాత్రి ఈడికి రప్పిచ్చి, కంత దిక్కు ఏలు చూపిచ్చి అడిగితె నవ్విండు."

పట్టాకు ఆనుకుని లేచి కూర్చున్నాడు.

"ఆ రోజు రాజుగాడు జెండ పాతే దూరిండు మేడం. బయటికొచ్చి నిలబడంగనె పడ్డది. జెండ పట్టాల మీద వచ్చేదాన్నె ఆపుతది."

సుప్రియ తలెత్తి కంతను చూసింది. పైన ఎవరో కుండీలకు నీళ్లు పోస్తున్నారు.

3.35కి యేసయ్య బేడీలు విప్పించింది. నిరోష పట్టుకున్నా అతని కుడిచేయి మూసుకోలేదు. సుప్రియ విరిగిన చేతిని నిరోష ఇచ్చిన దుపట్టాతో మెడకు కట్టుకుని, రెండో చేత్తో కొత్త ఎఫ్ఐఆర్ రాయడం మొదలుపెట్టింది.

నిందితుడి పేరు దగ్గర లక్ష్మణ్ అని రాసింది.